కర్ణం చెప్పని క్షేత్రం: బహుభుజి భావన, భూమి కొలత – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సరళరేఖలతో మూసుకున్న సమతల క్షేత్రాన్ని బహుభుజి అంటారు. మూడుకు మించిన భుజాలున్న క్షేత్రానికి భుజాల పొడవులు మాత్రమే తెలిస్తే వైశాల్యం నిర్ణయం కాదు. భారతీయ గణితజ్ఞులు ఈ విషయాన్ని ఏ క్రమంలో స్పష్టం చేసుకున్నారో, దానికి రెవెన్యూ సర్వే, కంప్యూటర్ చిత్రణ, డిజిటల్ భూపటం ఏ పరిష్కారాలను అనుసరించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు నేలకు సంబంధించిన శాసన, గణిత, సర్వే ఆధారాలకు ఇందులో ప్రాధాన్యం ఇవ్వడమైనది.

కీలకపదాలు: బహుభుజి, క్షేత్రగణితం, కర్ణం, స్థూలఫలం, సూక్ష్మఫలం, సర్వే, భూపటం.

1. పేరులోని లెక్క

ఒక ఆకారానికి పేరు పెట్టేటప్పుడు దాని మూలలను లెక్కించవచ్చు, భుజాలనూ లెక్కించవచ్చు. సంస్కృతంలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. ‘అస్రం’ అంటే మూల, ‘భుజం’ అంటే చేయి. కనుక త్ర్యస్రం, త్రిభుజం ఒకే ఆకారానికి రెండు పేర్లు. గ్రీకుల వాడుకా ఇటువంటిదే. నేడు ప్రపంచమంతా వాడుతున్న ‘పాలిగన్’ అనే మాటలో కోణాల లెక్క ఉంది. యూక్లిడ్ మాత్రం తన గ్రంథం మొదటి భాగంలో నిర్వచనాలు చెప్పేటప్పుడు మూడు భుజాలవి, నాలుగు భుజాలవి, అనేక భుజాలవి అని భుజాలనే లెక్కించాడు.

తెలుగులో ఈ పదాల అర్థాలు కొంత స్థానం మార్చుకున్నాయి. సంస్కృత గణితంలో చతురస్రం అంటే నాలుగు మూలలున్న ఏ ఆకారమైనా కావచ్చు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆ మాట అన్ని భుజాలూ, అన్ని కోణాలూ సమానంగా ఉన్న ఆకారానికే పరిమితమై, సాధారణమైన నాలుగు భుజాల ఆకారానికి చతుర్భుజం అనే పేరు నిలిచింది. చతురస్రానికి వికృతిగా చెప్పే ‘చదరం’ వైశాల్యానికి కొలమానమై చదరపు గజం, చదరపు అడుగు అనే మాటల్లో స్థిరపడింది. ‘నలుచదరం’ అనే మాటలో నాలుగు రెండుసార్లు వినిపిస్తున్నా అది ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. ఈ మార్పును గమనించకుండా ప్రాచీన గణితగ్రంథాలను చదివితే అందులోని చతురస్రాన్ని నేటి చతురస్రంగా పొరబడే ప్రమాదం ఉంది. క్షేత్రం అనే మాటకు గణితంలో ఆకారమనీ, వ్యవహారంలో పొలమనీ అర్థం. ప్రాచీన గణితజ్ఞులు ఈ రెండర్థాలను విడదీయవలసిన అవసరాన్ని గుర్తించినట్లు కనిపించదు.

2. కొలత లేని ఎల్ల, ఎల్ల లేని కొలత

తూర్పు చాళుక్యుల దానశాసనాల్లో దానం చేసిన భూమికి ఎల్లలు చెప్పే భాగం ఒకటి ఉంటుంది. శాసనం సంస్కృతంలో నడిచినా, ఎల్లలు చెప్పేచోట తెలుగు మాటలు దొర్లుతాయి. చెట్టు, పుట్ట, గుట్ట, చెరువు, పక్క ఊరి పొలిమేర అనే గుర్తులు వరుసగా వస్తాయి. తూర్పుతో మొదలై ఆగ్నేయం, దక్షిణం మీదుగా ఈశాన్యానికి చేరే క్రమం చాలా శాసనాల్లో కనిపిస్తుంది. ఆ మాటల వెంట నడిచినవాడు బయలుదేరిన చోటికే తిరిగి వస్తాడు. గణితపరంగా చూస్తే ఇది మూలలను వరుసలో చెప్పి, చివరి మూలను మొదటి మూలతో కలపడమే. డిజిటల్ పటంలో బహుభుజిని నమోదు చేసే విధానం కూడా ఇదే.

అయితే ఆ ఎల్లల వెంట పొడవులు ఉండవు. భూమి పరిమాణాన్ని వేరొక మార్గంలో చెప్పారు. ఇన్ని ఖండికల ఆరికలు విత్తదగిన క్షేత్రమని విత్తనాన్ని బట్టి చెప్పడం ఆనాటి శాసనాల్లో పరిపాటి. తరువాతి కాలపు పుట్టి, తూము లెక్కలు కూడా ఈ ఆలోచనకు చెందినవే. విత్తనపు కొలతకు పొలం ఆకారంతో పని లేదు. వంకరటింకర పొలమైనా, నలుచదరపు పొలమైనా పట్టే గింజల లెక్క ఒకటే. ఆ విధంగా ఎల్ల ఒకచోట, పరిమాణం మరొకచోట నిలిచాయి. భుజాల పొడవుల నుండి పరిమాణాన్ని రాబట్టే పని గణితజ్ఞులు చేపట్టారు.

3. స్థూలం, సూక్ష్మం

ఈ పనికి పూర్వరంగం శుల్బసూత్రాల్లో ఉంది. యజ్ఞవేదికలను తాడుతో కొలిచి నిర్మించే పద్ధతులను చెప్పే ఈ గ్రంథాల్లో మహావేది ఒక సమలంబ చతుర్భుజం. ఒకవైపు 24, ఎదుటివైపు 30, రెండింటి మధ్య దూరం 36 పదాలు. దీని వైశాల్యం 972 చదరపు పదాలని చెప్పిన ఆపస్తంబుడు, ఒక పక్కన మిగిలే ముక్కోణాన్ని కోసి, తిప్పి, రెండో పక్కన అతికిస్తే దీర్ఘచతురస్రం ఏర్పడుతుందని చూపాడు. లెక్క సరైనదేనని నమ్మించడానికి ఆకారాన్ని కోసి చూపే ఈ పద్ధతి తరువాతి క్షేత్రగణితానికంతటికీ పునాది. 499 నాటి ఆర్యభటీయంలో భూమిలో సగాన్ని లంబంతో గుణిస్తే త్రిభుజ ఫలం వస్తుందన్న సూత్రం కనిపిస్తుంది.

లంబం తెలియనప్పుడు ఏం చేయాలి? పొలంలో గట్ల వెంట తాడు లాగడం సులువు. నిలువు పైరు మధ్యగా లంబం తీయడం కష్టం. అందువల్ల భుజాలతోనే లెక్క తేల్చే సూత్రాలకు గిరాకీ ఏర్పడింది. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఇటువంటి రెండు సూత్రాలు చెప్పాడు. ఎదురెదురు భుజాలను కూడి సగం చేసి, ఆ రెండు సగాలను గుణిస్తే వచ్చేది స్థూలఫలం. నాలుగు భుజాల మొత్తంలో సగం నుండి ఒక్కొక్క భుజాన్ని తీసివేసి, వచ్చిన నాలుగు శేషాలను గుణించి, వర్గమూలం తీస్తే వచ్చేది సూక్ష్మఫలం.

స్థూలసూత్రం భారతదేశానికే ప్రత్యేకమైనది కాదు. ఈజిప్టులోని ఎడ్ఫు దేవాలయ శాసనాల్లో పొలాల విస్తీర్ణాలను ఈ పద్ధతిలోనే కట్టారు. ముక్కోణపు పొలం ఎదురైతే నాలుగో భుజాన్ని శూన్యంగా తీసుకుని అదే లెక్క చేశారు. దీర్ఘచతురస్రానికి దగ్గరగా ఉన్న పొలాల్లో ఈ సూత్రం పెద్దగా తప్పదు. మహావేదికి దీన్ని అన్వయిస్తే 972కు బదులు సుమారు 975 వస్తుంది. ఇన్ని దేశాల్లో, ఇంతకాలం అది బతకడానికి కారణం ఇదే కావచ్చు. కానీ పొలం పక్కకు ఒరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది. పైగా ఆ తప్పు ఎప్పుడూ ఒకే దిక్కుకు మొగ్గుతుంది. దీర్ఘచతురస్రానికి తప్ప మరే చతుర్భుజానికైనా స్థూలసూత్రం ఉన్నదానికన్నా ఎక్కువే చూపుతుంది. తక్కువ చూపడం అసాధ్యం. విస్తీర్ణాన్ని బట్టి శిస్తు కట్టేవాడికి, విస్తీర్ణాన్ని బట్టి వెల చెల్లించి కొనేవాడికి ఇది ఎంత ముఖ్యమైన విషయమో వేరే చెప్పనక్కరలేదు.

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహంలో ఈ విభజన వ్యావహారికం, సూక్ష్మం అనే పేర్లతో సాగింది. ఈ గ్రంథం క్షేత్రాలను త్రిభుజాలు మూడు, చతుర్భుజాలు ఐదు, వృత్తాకారాలు ఎనిమిదిగా వర్గీకరించి, యవధాన్యం, మురజం, పణవం, వజ్రం వంటి ఆకారాల వైశాల్యాలను కూడా చెబుతుంది. సమబహుభుజాలకు మహావీరుడు చెప్పిన వ్యావహారిక సూత్రం మరింత ఆసక్తికరమైనది. చుట్టుకొలతకు ఆయన వాడిన మాట ‘రజ్జువు’, అంటే తాడు. చుట్టుకొలతలో సగాన్ని వర్గం చేసి, మూడో వంతు తీసుకుని, దాన్ని భుజాల సంఖ్యతో భాగించి, ఒకటి తక్కువైన భుజాల సంఖ్యతో గుణించాలి. భుజం 10గా తీసుకుంటే చతురస్రానికి సరిగ్గా 100 వస్తుంది. షడ్భుజికి 250 వస్తుంది. నిజమైన ఫలం సుమారు 259.8. ముక్కోణానికి 50 వస్తుంది. నిజానికి అది 43.3 మాత్రమే. భుజాల సంఖ్య పెరుగుతూ పోతే గుణకం ఒకటికి చేరువై, చుట్టుకొలతలో సగపు వర్గంలో మూడో వంతు మిగులుతుంది. పరిధి వ్యాసానికి మూడు రెట్లనే స్థూల గణనలో వృత్తఫలం సరిగ్గా అదే. ముక్కోణం నుండి వృత్తం దాకా అన్నింటినీ ఒకే తాడుతో కొలిచే ఈ ప్రయత్నం కచ్చితత్వంలో వెనుకబడినా, ఆలోచనలో సామాన్యమైనది కాదు.

ఈ గ్రంథాన్ని ఆధారం చేసుకునే పావులూరి మల్లన సారసంగ్రహ గణితాన్ని పద్యాల్లో రచించాడు. తెలుగులో లభిస్తున్న తొలి గణితగ్రంథంగా దీనికి ప్రసిద్ధి ఉంది. మల్లనను 11వ శతాబ్దికి చెందినవాడుగా ఎక్కువమంది భావిస్తారు. మూలంలోని జైనసంబంధమైన అంశాలను ఆయన శైవపరంగా మార్చుకున్నాడని సాహిత్యచరిత్రకారులు గుర్తించారు. మల్లన చర్చ సాధారణంగా అనువాదపద్ధతి, ఛందస్సుల దగ్గరే ఆగిపోతుంది. ఎల్లలను తెలుగు మాటల్లో చెప్పుకుంటున్న సమాజానికి, ఎల్ల నుండి విస్తీర్ణాన్ని కట్టే శాస్త్రం కూడా తెలుగులో అందిందన్నది అంతకన్నా గమనింపదగిన విషయం.

4. భాస్కరుని అభ్యంతరం

సూక్ష్మసూత్రం నిజంగా సూక్ష్మమేనా? 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు ఈ ప్రశ్నను గట్టిగానే అడిగాడు. నాలుగు భుజాలు మాత్రమే చెబితే క్షేత్రం నిశ్చయం కాదనీ, కర్ణమో లంబమో చెప్పకుండా ఫలం అడిగేవాడు పిశాచి అనీ, జవాబు చెప్పేవాడు అంతకన్నా పిశాచి అనీ ఆయన మందలించాడు. శాస్త్రగ్రంథంలో ఇంత కోపం అరుదు.

ఆ కోపానికి ఆధారం ఒక చిన్న ఉదాహరణ. నాలుగు భుజాలూ 25 చొప్పున ఉన్న క్షేత్రాన్ని తీసుకుంటే, అది చతురస్రమైతే ఫలం 625. అదే నాలుగు భుజాలను కొద్దిగా పక్కకు ఒరిగించి, ఒక కర్ణం 30 అయ్యేలా నిలిపితే రెండో కర్ణం 40 అవుతుంది, ఫలం 600. ఇంకా ఒరిగించి ఒక కర్ణాన్ని 14 చేస్తే రెండోది 48, ఫలం 336. నాలుగు వెదురుబద్దలను చివర్లలో మేకులతో వదులుగా బిగించి, నొక్కి చూస్తే ఈ సంగతి ఎవరికైనా బోధపడుతుంది. ముక్కోణం అలా ఒరగదు. మూడు భుజాలు నిలిస్తే ఆకారమూ నిలుస్తుంది.

పై మూడు సందర్భాల్లోనూ స్థూలసూత్రం 625 చెబుతుంది. సూక్ష్మసూత్రమూ 625 అనే చెబుతుంది. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉన్న చతుర్భుజానికి మాత్రమే బ్రహ్మగుప్తుని సూత్రం సరిపోతుంది. 16వ శతాబ్దిలో కేరళలో మలయాళంలో వెలువడిన జ్యేష్ఠదేవుని యుక్తిభాష ఈ సూత్రాన్ని వృత్తంలో ఇమిడిన చతుర్భుజానికే ఉపపత్తితో సహా నిరూపించింది. ఇచ్చిన నాలుగు భుజాలతో ఏర్పడే చతుర్భుజాల్లో వృత్తంలో ఇమిడినదే అన్నింటికన్నా పెద్దది. అంటే తగని చోట వాడితే సూక్ష్మసూత్రం కూడా ఎక్కువే చూపుతుంది. 336 ఉన్న పొలాన్ని 625గా లెక్కించడం అంటే దాదాపు రెట్టింపు భూమికి శిస్తు వేయడం. బ్రహ్మగుప్తుడు వృత్తం షరతును మనసులో ఉంచుకునే సూత్రం చెప్పాడా అన్న విషయంపై పండితుల్లో చర్చ ఉంది. ఆయన తరువాత ఆ సూత్రాన్ని షరతు లేకుండా వల్లించినవారి విషయంలో మాత్రం భాస్కరుని ఆక్షేపణ న్యాయమైనదే.

భాస్కరుడు కోరినది ఒక్క గీత. కర్ణం గీస్తే చతుర్భుజం రెండు త్రిభుజాలుగా విడిపోతుంది. ఐదు భుజాలుంటే రెండు కర్ణాలతో మూడు త్రిభుజాలు, ఆరు ఉంటే మూడు కర్ణాలతో నాలుగు త్రిభుజాలు వస్తాయి. ఎన్ని మూలలున్నా, గీతలు తమను తాము ఖండించుకోని ప్రతి బహుభుజీ భుజాల సంఖ్యకు రెండు తక్కువైన త్రిభుజాలుగా విడిపోతుంది. భూమి లెక్కలు రాసే గ్రామోద్యోగిని కరణం అంటే, వ్యవహారంలో ‘కర్ణం’ అని కూడా పిలిచేవారు. వ్యుత్పత్తిపరంగా ఈ రెండు మాటలకూ సంబంధం లేదు. కర్ణం లేనిదే పొలం లెక్క తేలదన్న మాట మాత్రం రెండర్థాల్లోనూ చాలాకాలం నిజమైంది. కరణాల వ్యవస్థ ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయింది.

5. గొలుసు

1802 ఏప్రిల్ 10న మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ ఆధారరేఖను కొలవడం ప్రారంభించాడు. ఆ ఒక్క రేఖను జాగ్రత్తగా కొలిచి, అక్కడి నుండి కోణాల సహాయంతో త్రిభుజాల వరుసను దేశమంతటా పరచడం ఆ మహాసర్వే పద్ధతి. అది దేశాన్ని కొలిచింది గానీ పొలాన్ని కొలవలేదు. పొలం కొలిచింది రెవెన్యూ సర్వే. దత్తమండలాల్లో 1800 నుండి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, పొలాలను గొలుసుతో కొలిపించి శిస్తు నిర్ణయించాడు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీలో క్రమబద్ధమైన సర్వే జరిగి, ప్రతి సర్వే నంబరుకు ఒక చిత్తుపటం తయారైంది. నేటికీ ఎఫ్.ఎం.బి. అని పిలిచే క్షేత్రకొలతల పుస్తకం ఆ పటాల సంపుటి.

ఎఫ్.ఎం.బి. పుటలో పొలం గట్ల పొడవులతోపాటు పొలం మధ్యగా, ఒక మూల నుండి మరొక మూలకు గీసిన గీత కనిపిస్తుంది. సర్వేయర్లు దాన్ని జి-లైన్ అంటారు. ఆ గీత వెంట గొలుసు లాగుతూ, గట్టు వంపు తిరిగిన ప్రతిచోటికీ లంబదూరం కొలిచి రాస్తారు. పొలం కొన్ని త్రిభుజాలుగా, కొన్ని సమలంబ చతుర్భుజాలుగా విడిపోయి, ఒక్కొక్క ముక్క ఫలం విడిగా తేలుతుంది. భాస్కరుడు కర్ణమో లంబమో చెప్పమన్నాడు, ఎఫ్.ఎం.బి.లో రెండూ ఉన్నాయి. సర్వే శాఖను తీర్చిదిద్దినవారు లీలావతి చదివి ఉండనవసరం లేదు. ఆకారంలోని ఇబ్బంది ఒకటే కనుక పరిష్కారమూ ఒకటే అయింది.

గొలుసు లెక్క తెలుగువారి మాటల్లో నిలిచిపోయింది. ఎడ్మండ్ గుంటర్ 1620లో రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. అందులో నూరో వంతు సెంటు. ఆ విధంగా సెంటుకు సరిగ్గా 1,000 చదరపు లింకులు. గజాల్లోకి మారిస్తే 48.4 అనే వికారమైన సంఖ్య వస్తుంది. నిజాం రాజ్యంలో బొంబాయి పద్ధతి ప్రవేశించడం వల్ల తెలంగాణలో గుంట నిలిచింది. 33 అడుగుల భుజమున్న చతురస్రం గుంట; 121 చదరపు గజాలు; 40 గుంటలు ఎకరం. అక్కడ పొలం చిత్తుపటాన్ని టిప్పన్ అంటారు. ఆధారరేఖ, దానికి ఇరువైపులా లంబాలు అన్న పద్ధతి టిప్పన్‌లోనూ ఉంది. సెంటు, గుంట అనే మాటల తేడా వెనుక రెండు రాజ్యాల సర్వే చరిత్ర ఉంది.

6. తెర మీద ముక్కోణాలు

కంప్యూటర్ చిత్రణలోనూ బహుభుజి కథ త్రిభుజానికే చేరింది. 1963లో ఇవాన్ సదర్లండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్‌తో తెర మీద గీతలు గీయడం సాధ్యమైంది. గీతల నుండి నిండైన ఉపరితలాలకు వెళ్లినప్పుడు ఒక చిక్కు వచ్చింది. అంతరిక్షంలో మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి, నాలుగు ఉండకపోవచ్చు. నాలుగు కాళ్ల పీట ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు అన్న సంగతే ఇక్కడా వర్తిస్తుంది. అందువల్ల మనిషి ముఖమైనా, కొండ అయినా చివరకు త్రిభుజాలుగా విడగొట్టాకే చిత్రణయంత్రం రంగు నింపుతుంది. 1971లో యూటా విశ్వవిద్యాలయంలో హెన్రీ గురో తన భార్య ముఖం మీద గీతలు గీసి, ఆ మూలలను కొలిచి, ముఖాన్ని బహుభుజాల కూర్పుగా మార్చాడు. మూలల వద్ద లెక్కించిన వెలుగును మధ్యభాగానికి క్రమంగా పంచితే అంచులు కనిపించకుండా చర్మం నునుపుగా తోస్తుందని ఆయన చూపిన పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం.

7. నిరూపకాల పొలం

పటానికి కంప్యూటర్ వచ్చాక కర్ణం కనుమరుగైంది. పొలంలోని ప్రతి మూలకూ రెండు సంఖ్యలు, అంటే తూర్పు-పడమర స్థానం, ఉత్తర-దక్షిణ స్థానం తెలిస్తే, ఏ మూల నుండి ఏ మూలకు ఎంత దూరమో ఆ సంఖ్యల్లోనే ఇమిడి ఉంటుంది. మూలల వెంట వరుసగా నడుస్తూ, ఒక మూల తూర్పు సంఖ్యను తరువాతి మూల ఉత్తర సంఖ్యతో గుణించి, దాని నుండి తరువాతి మూల తూర్పు సంఖ్యను మొదటిదాని ఉత్తర సంఖ్యతో గుణించగా వచ్చినదాన్ని తీసివేసి, అన్నింటినీ కూడి సగం చేస్తే వైశాల్యం వస్తుంది. 1769లో మైస్టర్ వివరించిన ఈ సూత్రం తరువాత గౌస్ పేరుతో ప్రచారం పొందింది.

లీలావతిలోని పొలానికే దీన్ని అన్వయించి చూడవచ్చు. కర్ణాలు 30, 40 ఉన్న క్షేత్రపు మూలలు వరుసగా (0, 20), (15, 0), (30, 20), (15, 40) అనుకుంటే, నాలుగు అడుగుల్లో వచ్చే సంఖ్యలు –300, 300, 900, 300. మొత్తం 1,200, సగం 600. భాస్కరుని జవాబే వచ్చింది. అవే నాలుగు మూలలను వరుస తప్పించి (0, 20), (30, 20), (15, 0), (15, 40) అని నమోదు చేస్తే గీతలు మధ్యలో ఖండించుకుని, డమరుకంలా రెండు ముక్కలు ఏర్పడతాయి. ఒకటి ధనం, మరొకటి ఋణం. లెక్కలో ఆ పొలం వైశాల్యం సున్నా. మూలల కొలత ఎంత కచ్చితమైనా వరుస తప్పితే భూమి కాగితం మీద మాయమవుతుంది. ఎల్లలను తూర్పు నుండి ఈశాన్యం దాకా క్రమం తప్పకుండా చెప్పిన శాసనకర్తల జాగ్రత్త ఇక్కడ గుర్తుకు రాక మానదు.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలను అందుకునే స్థిర కేంద్రాలు, వాటితో అనుసంధానమైన రోవర్లు మూలల నిరూపకాలను నిర్ణయించాయి. ప్రతి కమతమూ ఒక సంఖ్య గల బహుభుజిగా కొత్త పటంలోకి చేరింది. గొలుసుతో కొలిచిన పాత విస్తీర్ణానికీ, నిరూపకాలతో తేలిన కొత్త విస్తీర్ణానికీ తేడా రావడం గణితపరంగా వింత కాదు. గొలుసు సాగుతుంది, గట్టు జరుగుతుంది, రాయి పెళ్లగించబడుతుంది. కొలత సూక్ష్మమయ్యేకొద్దీ తేడా బయటపడుతుంది. ఆ తేడా యంత్రానికి దశాంశ స్థానం. రెండు సెంట్లు తగ్గిన రైతుకు అది తాతలనాటి గట్టు.

డిజిటల్ పటానికి తనదైన ఇబ్బందులూ ఉన్నాయి. పక్కపక్కనున్న రెండు పొలాలకు గట్టు ఒకటే. రెండు బహుభుజాలనూ విడివిడిగా గీస్తే ఆ ఒక్క గట్టు రెండు గీతలవుతుంది. అవి ఒకదానిపై ఒకటి సరిగ్గా పడకపోతే మధ్యలో ఎవరికీ చెందని సన్నని చీలిక గానీ, ఇద్దరికీ చెందిన అతివ్యాప్తి గానీ మిగులుతుంది. నేల మీద లేని ఈ భూమి పటంలో పుట్టి తగాదాకు మూలమవుతుంది. దీన్ని నివారించడానికి ఉమ్మడి మూలను ఒక్కసారే నమోదు చేసి, ఇరుపక్కల పొలాలూ దాన్నే వాడుకునేలా పటాన్ని నిర్మిస్తారు. పొలం మధ్యలో వేరొకరి బావి ఉంటే లోపలి అంచును ప్రత్యేకంగా గీసి, దాని వైశాల్యాన్ని తీసివేస్తారు. ఈ రెండు పనుల్లోనూ ముందుగా తెలియవలసింది ఆ మూల ఎక్కడుందన్నది. అది ఇరుపక్కల రైతులూ గట్టు మీద నిలబడి ఒప్పుకున్నాకే రోవర్‌కు తెలుస్తుంది. సర్వే సరిహద్దులకు నేటికీ ఆధారమైన 1923 నాటి చట్టం కొలతకు ముందు భూమి హక్కుదారులకు నోటీసు ఇవ్వాలని చెప్పడం వెనుక ఉన్న అవసరం కూడా ఇదే.